రాఘవేంద్రస్వామి పటం

కర్నూలు జిల్లా పడమటి ప్రాంతంలో ఇళ్లలో, దుకాణాల్లో ఎక్కువగా కనిపించే మధ్వ యతి వర్ణచిత్రం. ఆదోని పత్తి వ్యాపారి గల్లాపెట్టె పైన, ఎమ్మిగనూరు మగ్గాల ఇళ్లలో గురువారంనాడు దీనికి పూలదండ పడుతుంది.

రాఘవేంద్రతీర్థులు 1671లో తుంగభద్ర ఒడ్డున మంచాలలో, అంటే నేటి మంత్రాలయంలో, సజీవంగా బృందావన ప్రవేశం చేశారు. అప్పటినుంచి అక్కడి పూజ ప్రధానంగా ఆ రాతి బృందావనానికే జరుగుతోంది. ఉత్సవాల్లో ఊరేగే మూర్తి కూడా ప్రహ్లాదరాయలదే. స్వామిని ప్రహ్లాదుడి అవతారంగా భక్తులు కొలుస్తారు. కాబట్టి భక్తుడికి గురువు ముఖం చూపించే పని పటానిదే అయింది.

ఆ ముఖానికి పోలికే ప్రమాణం కాదు. పోలికే ప్రమాణమైన చిత్రాలూ ఉన్నాయి: అమెరికాలో షానీ తెగ మతగురువు టెన్‌స్క్వాటావాను 1830లో జార్జ్ కాట్లిన్ ఎదురుగా నిలబెట్టుకుని చిత్రించాడు. పోయిన కన్నును కూడా దాచకుండా గీశాడు. ఆ బొమ్మ ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. మన స్వామి పటం తీరు వేరు. ముఖం చిత్రకారుణ్ణి బట్టి మారినా ఆనవాళ్లు మారవు: కాషాయం, నుదుట అంగారపు నల్లని నిలువుగీత, దాని కింద అక్షత చుక్క, చేతుల మీద గోపీచందనపు శంఖచక్ర ముద్రలు, మెడలో తులసిమాల. ఎదుట వ్యాసపీఠం మీద తాళపత్రాలు ఉంటాయి. కొన్ని పటాల్లో వీణ కనిపిస్తుంది. అది వంశ వృత్తాంతం తెలిసినవాళ్లు చేర్చినది. స్వామి మేనల్లుడు నారాయణాచార్యులు రాసిన ‘రాఘవేంద్ర విజయం’ ఆ కుటుంబ సంగీత విద్యను చెబుతుంది. వెనక ఆవు, చెట్టు ఉంటే అవి కామధేనువు, కల్పవృక్షం. స్తోత్రాల్లో గురువును పోల్చేది వాటితోనే.

ఈ సీమకు బాగా దగ్గరైనవి కథాచిత్రాలు. ఆదోనిని బిజాపూర్ తరఫున ఏలిన సిద్ది మసూద్‌ఖాన్ పరీక్ష కోసం పళ్లెంలో మాంసం పెట్టి గుడ్డ కప్పి పంపాడనీ, స్వామి తీర్థం చల్లగానే అది పూలుగా మారిందనీ కథ. మంచాలను ఆ ఏలికే ఇనాంగా ఇచ్చాడని సంప్రదాయం. ఆదోని జామియా మసీదు కట్టించింది కూడా ఆయనే. పళ్లెం మీది గుడ్డ ఎత్తే క్షణాన్ని చిత్రకారులు మళ్లీ మళ్లీ గీశారు. ఇంకొకటి మన్రో దృశ్యం. 1800 నుంచి 1807 వరకు దత్తమండలాల కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో ఇనాం విషయమై మఠానికి వస్తే స్వామి ఆయనొక్కడికే కనిపించి మాట్లాడారంటారు. పక్కవాళ్లకు కనిపించని ఆ రూపాన్ని పటం చూసేవాళ్లందరికీ చూపించాలి! అందుకే చిత్రకారులు బృందావనం నుంచి స్వామి వెలుగులో పైకి లేస్తున్నట్టు వేశారు. ఈ పటాలన్నింటిలో చిత్రకారుడి ఊహకు అసలు పరీక్ష ఇదేనని చెప్పాలి.

అచ్చు పటాలే ఈ రూపాన్ని ఇంటింటికీ చేర్చాయి. రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన ముద్రణాలయం దేవుళ్ల రంగుబొమ్మలను సామాన్యుడికి అందుబాటులోకి తెచ్చింది. తర్వాత శివకాశి క్యాలెండర్లు ఆ పని ఊరూరా సాగించాయి. స్వామి ముఖానికి సినిమా కూడా కొత్త రూపాలిచ్చింది: 1966లో కన్నడ ‘మంత్రాలయ మహాత్మె’లో రాజ్‌కుమార్, 1985లో తమిళ ‘శ్రీ రాఘవేంద్రర్’లో రజనీకాంత్ ఆ పాత్ర ధరించారు.