బొద్దుగా ఉన్న పిల్లలకు బీపీ చూపించారా?

సాయంత్రం సీతమ్మధార రైతు బజార్ వైపు వెళ్తే బ్యాగులు మోసుకుంటూ పిల్లలు కనిపిస్తారు. బడి నుంచి ట్యూషన్, ట్యూషన్ నుంచి ఇల్లు. మధ్యలో బేకరీలో ఎగ్ పఫ్, కూల్‌డ్రింక్. ఆట మాత్రం ఆ దారిలో ఎక్కడా లేదు. ఇంట్లో దాదీ, నానీ బొద్దుగా ఉన్న మనవణ్ని చూసి "మాషా అల్లాహ్, మంచి సెహత్" అని మురిసిపోతారు, నజర్ కూడా తీస్తారు. ఆ పిల్లాడికి బీపీ చూపిద్దామని మాత్రం ఎవరికీ తోచదు. బీపీ పెద్దల జబ్బు అని మన లెక్క.

నేను కామర్స్ చదివినవాణ్ని, అయినా ఈ లెక్క తప్పని చెప్పగలను. మామూలు బరువున్న పిల్లల కంటే ఊబకాయం ఉన్న పిల్లల్లో బీపీ ఎక్కువగా కనిపిస్తుంది. పొట్ట చుట్టూ చేరిన కొవ్వు ఇన్సులిన్‌ని సరిగా పని చేయనివ్వదు. దాంతో ఒళ్లు ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారు చేస్తుంది. అది పెరిగితే కిడ్నీలు ఉప్పును బయటికి పంపకుండా పట్టి ఉంచుతాయి, ఉప్పు వెంట నీరూ నిలిచిపోతుంది. రక్తనాళాలను బిగించే నరాలు కూడా చురుగ్గా మారతాయి. రాత్రి గట్టిగా గురక పెడుతూ మధ్యమధ్యలో ఊపిరి ఆగినట్టయ్యే పిల్లలకు ముప్పు మరీ ఎక్కువ. గురకను గాఢ నిద్ర అనుకుని నవ్వేస్తాం గానీ, డాక్టర్‌కి తప్పకుండా చెప్పాల్సిన మాట అది.

చాలామంది పిల్లల్లో ఏ లక్షణమూ ఉండదు కాబట్టి కొలిస్తేనే తెలుస్తుంది. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2017లో ఇచ్చిన సూచనల ప్రకారం 3 ఏళ్లు వచ్చినప్పటి నుంచి ఏడాదికోసారి, ఊబకాయం ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ బీపీ చూడాలి. 13 ఏళ్లు నిండినవాళ్లకి 120/80 లోపు మామూలు, 130/80 గానీ అంతకు మించి గానీ ఉంటే ఎక్కువ. అంతకంటే చిన్నవాళ్లకి ఒకే అంకె లేదు. వయసు, ఎత్తు, ఆడా మగా అన్నది బట్టి పట్టికలో చూస్తారు. ఒక్కసారి ఎక్కువొచ్చిందని కంగారు పడొద్దు, మూడు వేర్వేరు రోజుల్లో చూశాకే బీపీ ఉందని తేలుస్తారు. చేతికి కట్టే పట్టీ కొలత కూడా ముఖ్యం. లావుగా ఉన్న చేతికి చిన్న పట్టీ కడితే బీపీ లేకపోయినా ఉన్నట్టు చూపిస్తుంది. "పట్టీ సరిపోయిందా?" అని అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

ఇక తిండి. జుమ్మా నాటి బిర్యానీ మీద నేరం మోపడం నాకు న్యాయం అనిపించదు. అసలు లెక్క రోజూ కొనిచ్చే చిప్స్, నూడుల్స్, కూల్‌డ్రింక్‌లది. పెద్దలకే రోజుకి 5 గ్రాముల ఉప్పు లోపు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది, పిల్లలకి ఇంకా తక్కువ. ఆవకాయ, అప్పడం, ఉప్పుచేప కూడా ఆ లెక్కలోకే వస్తాయి. చక్కెర ఎంత తింటున్నారో పిల్లలకు తెలిసేలా బడుల్లో షుగర్ బోర్డులు పెట్టమని సీబీఎస్ఈ 2025లో చెప్పింది. మన ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద షర్బత్, సమోసా, పకోడీ చూస్తే అలాంటి బోర్డు ఇంట్లోనూ ఒకటి కావాలనిపిస్తుంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 12 నుంచి 17 ఏళ్ల పిల్లల మీద చేసిన అధ్యయనం 2007లో వచ్చింది. రోజుకి 3 గంటలు, ఆపైన టీవీ చూసేవాళ్లలో అధిక బరువు ఎక్కువ. బయట ఆడేవాళ్లలో, ఇంటి పనులు చేసేవాళ్లలో తక్కువ. అమ్మాయిలను బయట ఆడనివ్వని ఇళ్లవాళ్లు ఇది గమనించాలి.

మంచి కబురు కూడా ఉంది. సుమారు 6,300 మందిని చిన్నతనం నుంచి సగటున 23 ఏళ్లు గమనించిన అధ్యయనం ఒకటి 2011లో వచ్చింది. చిన్నప్పుడు లావుగా ఉన్నా, పెద్దయ్యేసరికి ఊబకాయం తగ్గించుకున్నవాళ్లకి బీపీ, షుగర్ ముప్పు ఎప్పుడూ లావుగా లేనివాళ్లతో దాదాపు సమానంగానే ఉంది.

అలాగని పిల్లాడికి అన్నం మాన్పించొద్దు, "మోటూ" అని పిలవొద్దు. ఎదిగే వయసులో చాలామందికి బరువు పెరగకుండా ఆగితే చాలు, ఎత్తు పెరిగేకొద్దీ సర్దుకుంటుంది. బీపీ నిజంగానే ఉంటే కేజీహెచ్‌లో గానీ మీ పిల్లల డాక్టర్ దగ్గర గానీ కిడ్నీలు కూడా చూపించండి. చిన్న పిల్లల్లో బీపీకి కారణం ఒక్కోసారి బరువు కాదు, కిడ్నీ జబ్బు.