తుంటి విరుగుట – నాటి గుర్తులు, నేటి నిర్ణయము



ముదుసలి యొకరు గడపకడ కాలుజారి కూలబడి లేవలేకున్నచో, ఇంటివారు బెణుకని తలచి తైలము మర్దించుట మన యిండ్ల వాడుక. విరిగినది తుంటియైనచో ఆ మర్దనమే ముప్పు. బెణుకును విరుగుటను వేరుచేయు గుర్తుల నన్వేషించుట మిక్కిలి ప్రాచీనమైన విద్య. నేను వైద్యుడను గాను; సంస్కృతము చదివి, బడిలో పాఠములు చెప్పి విశ్రమించినవాడను. కావున ఆ విద్యయొక్క చరిత్రమునే విన్నవించెదను.

సుశ్రుతసంహిత నిదానస్థానమున 15వ అధ్యాయము భగ్ననిదానము. అందు కీలు తప్పుట సంధిముక్తమనియు, ఎముక విరుగుట కాండభగ్నమనియు వేరుచేయబడినవి. మొదటిది 6 విధములు, రెండవది 12 విధములు. వాపు, తాకిన నోర్వలేమి, అదిమినపుడు చప్పుడు, ఎట్లు పరుండినను సుఖము లేకుండుట – ఇవి విరుగుటకు గుర్తులు. వృద్ధులకు గలిగిన భగ్నమును, కీలు నంటిన భగ్నమును కష్టసాధ్యములని గ్రంథకర్త హెచ్చరించెను. ముదుసలి తుంటి విరిగినపుడు ఈ రెండును కూడియుండును గదా!

ఐరోపాలో లండను శస్త్రవైద్యుడు ఆస్ట్లీ కూపరు 1822లో ప్రకటించిన గ్రంథమున ఈ విషయమును విపులముగా చర్చించెను. వీథిప్రక్క మెట్టుబాట యంచున కాలుజారుటవంటి స్వల్పకారణమే వృద్ధుల యెముకకు చాలునని యాయన గమనించెను. విరిగిన కాలు పొట్టియగును. పాదము వెలుపలికి తిరుగును. కీలు వెనుకకు తప్పినచో పాదము లోపలికి తిరుగును. కంటితో చూచి రెంటిని వేరుచేయు నుపాయ మిది.

అయితే ఈ గుర్తులు అన్నివేళల కనబడవు. విరిగిన కొనలు ఒకదానిలో నొకటి గ్రుచ్చుకొని నిలిచినచో కాలు పొట్టికాదు. రోగి కుంటుచు నడవనువచ్చును. 1895లో రాంట్‌జెన్ కనుగొనిన ఎక్స్‌రే కిరణములు లోనియెముకను చూపి, ఈ మరుగును చాలవరకు తొలగించినవి. సన్నని చీలిక కొన్ని యెడల వానికిని చిక్కదు. నొప్పి తగ్గనిచో నేటి వైద్యులు ఎమ్మారై పరీక్ష చేయించుచున్నారు. చప్పుడు వినుటకై కాలు కదపుట మాత్రము మానివేసినారు. దానివలన రోగికి బాధయు, హానియు.

ఇంత చరిత్రమున మనము గ్రహింపవలసిన దొక్కటి: గుర్తు కనబడినచో విరిగినదని యనుమానింపవచ్చును గాని, కనబడనంతమాత్రమున విరుగలేదని నమ్మరాదు. పడిన పెద్దలు గజ్జలో నొప్పియనిన, కాలు మోపలేమనిన, మర్దనము మాని, కదపక, వైద్యుని కడకు చేర్పుడు. ఆలస్యము ప్రాణాంతకము కావచ్చును.