చలికాలంలో బయల్దేరిన సైకిలు

హైదరాబాదు నుంచి మా ఊరు బందరు దాకా సైకిలు మీద ఒంటరిగా వెళ్ళాలని నాకో పిచ్చి కోరిక. సుమారు 340 కిలోమీటర్లు. సూర్యాపేట, కోదాడ, బెజవాడ మీదుగా మూడు రోజుల పని. మన ఎండల్లో కుదరదు కాబట్టి డిసెంబరే గతి. అలా మూడు డిసెంబర్లు గడిచిపోయాయి. ఒకసారి రిలీజు అడ్డొచ్చింది. తర్వాతి ఏడాది నాన్నకి బైపాస్. పోయిన ఏడాది అమ్మకి మోకాలి ఆపరేషను. ఇద్దరూ ఇప్పుడు నా దగ్గరే ఉంటున్నారు. ఒక్కడే కొడుకుని కదా, ఆన్‌సైట్ ఛాన్సు కూడా వదిలేసుకున్నా. ఎవరైనా అడిగితే "మన బాధ్యతండీ" అని నవ్వేస్తాను గానీ, తోటివాళ్ళు మంచు కొండల ముందు నిలబడి ఫొటోలు పెడితే కడుపులో ఎక్కడో మండుతుంది. ఒప్పుకోవడానికి సిగ్గేస్తుంది, అంతే.

ఇలాంటి మంటలో ఉన్నప్పుడే డెర్వ్లా మర్ఫీ కథ నా కంటపడింది. 1963 జనవరిలో ఐర్లండ్ నుంచి ఢిల్లీకి సైకిలు మీద ఒంటరిగా బయల్దేరిన మనిషి. ఈవిడ గురించి ఎవరు రాసినా తోడేళ్ళ దగ్గర మొదలుపెడతారు. తోడేళ్ళు ఉన్నాయి, వస్తాయి. నన్ను పట్టుకున్నది మాత్రం అంతకు ముందు కథ.

ఆవిడ 1931లో ఐర్లండ్‌లోని లిస్మోర్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. ఒక్కతే కూతురు. నాన్న వాటర్‌ఫోర్డ్ కౌంటీకి లైబ్రేరియన్. పదో పుట్టినరోజుకి రెండు కానుకలొచ్చాయి. ఒకటి సెకండ్‌హ్యాండ్ సైకిలు, రెండోది తాతగారిచ్చిన పాత అట్లాసు. కొద్ది రోజులకే ఊరి దగ్గర ఒక ఏటవాలు దారి ఎక్కుతూ, తన కాళ్ళకేసి చూసుకుని, ఇలా తొక్కుకుంటూ పోతే ఎప్పటికైనా ఇండియా చేరొచ్చు కదా అనుకుందట. పదేళ్ళ పిల్ల లెక్క, కానీ లెక్కలో తప్పేం లేదు!

ఆ లెక్క తేలడానికి 21 ఏళ్ళు పట్టింది. ఎందుకంటే, వాళ్ళమ్మకి కీళ్ళవాతం. మామూలుది కాదు, మనిషిని మంచానికీ కుర్చీకీ కట్టేసే రకం. పద్నాలుగో ఏట డెర్వ్లా బడి మానేసి అమ్మకి సేవ చేయడానికి ఇంట్లో ఉండిపోయింది. ఇంచుమించు పదహారేళ్ళు. ఇంతవరకూ వింటే మన పాత సినిమాల్లో త్యాగమయి కూతురి కథలా ఉంటుంది. కానీ 1979లో అచ్చయిన తన ఆత్మకథలో ఆవిడ అలా రాసుకోలేదు. ఆ ఏళ్ళు తననెంత నలిపేశాయో, అమ్మకీ తనకీ మధ్య ఎంత చేదు పేరుకుందో, చివరికొచ్చేసరికి తను ఎంత కుంగిపోయిందో దాచకుండా చెప్పింది. ప్రేమ ఉంది, కోపం కూడా ఉంది. రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఆవిడ ఇంట్లో కూర్చుని అట్లాసు మాత్రమే తిరగేయలేదు. 1950ల్లో వీలు చిక్కినప్పుడల్లా కొన్ని వారాలు సైకిలు మీద తిరిగొచ్చింది. ఒకసారి వేల్స్, దక్షిణ ఇంగ్లండు, తర్వాత యూరప్, స్పెయిన్. వెళ్ళి రమ్మని ప్రోత్సహించింది ఎవరో కాదు, ఆ మంచం పట్టిన అమ్మే.

1961లో నాన్న, 1962లో అమ్మ పోయారు. 1963 జనవరి 14న డెర్వ్లా బయల్దేరింది. అప్పటికి ఆవిడకి 31 ఏళ్ళు.

తయారీ విషయంలో మనబోటి ఇంజనీర్లు నేర్చుకోవాల్సింది చాలా ఉంది. సైకిలు పేరు రోజ్. డాన్ కిహోటే గుర్రం రోసినాంటే పేరుకి ముద్దుపేరు. ఆర్మ్‌స్ట్రాంగ్ కాడెట్ అనే మగవాళ్ళ మోడలు, బరువు దాదాపు 17 కిలోలు. సామాను ఇంకో 13. దానికి మూడు గేర్లుంటే, ఆసియా రోడ్లమీద ఆ సున్నితపు సరంజామా నిలవదని ముందే ఊడదీయించేసింది! ఫీచర్లు పెంచుకుంటూ పోవడం తప్ప తీసేయడం తెలియని మనకి ఇది చెంపదెబ్బ లాంటిది. స్పేర్ టైర్లు దారిలోని ఊళ్ళకి ముందే పంపించింది. ఒక చిన్న పిస్టల్ కొనుక్కుని కాల్చడం సాధన చేసింది.

ఇన్నీ లెక్కేసిన మనిషికి వాతావరణం మాత్రం లెక్కకి అందలేదు. 1962-63 చలికాలం యూరప్‌లో తరానికొకసారి వచ్చే రకం. జర్మనీ, స్విట్జర్లాండ్, ఆస్ట్రియాల మధ్య ఉండే బోడెన్‌సే సరస్సు మొత్తం గడ్డకట్టింది. డెర్వ్లా బయల్దేరిన నాలుగు రోజులకి, జనవరి 18న, నెదర్లాండ్స్‌లో పదకొండు ఊళ్ళ స్కేటింగ్ యాత్ర జరిగింది. పందెం కోసం కాక మామూలుగా పాల్గొన్న వేలమందిలో గమ్యం చేరింది 69 మందే. అలాంటి గాలిలో, ఫ్రాన్సులోని డన్కర్క్ నుంచి ఈవిడ ఒక్కతే తొక్కుతూ బయల్దేరింది.

మరి చలిని జయించిందా? లేదు. గ్రెనోబుల్ దగ్గర దారులు మంచుతో మూసుకుపోతే ట్యూరిన్ దాకా రైలెక్కింది. యుగోస్లావియాలో లారీ ఎక్కింది. ఆ లారీ దారితప్పి చెట్టుకి గుద్దుకుంటే, సాయం కోసం రాత్రిపూట మంచులో నడిచి వెళ్తున్నప్పుడే తోడేళ్ళు మీదపడ్డాయి. ఒకటి భుజం దగ్గర కోటు పట్టుకుంది, ఇంకోటి కాలి దగ్గర ప్యాంటు పట్టుకుంది. పిస్టల్ సాధన అప్పుడు పనికొచ్చింది. ఈ రైలూ లారీ సంగతి ఆవిడే తన పుస్తకంలో రాసింది. "మొత్తం తొక్కేశాను" అని కోసేస్తే ఆ రోజుల్లో పట్టుకునేదెవరు? ఈ ఒక్క నిజాయితీకే నాకు ఆవిడ మీద గౌరవం రెట్టింపయింది.

తర్వాత టర్కీ, ఇరాన్, అఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్. మంచులో మొదలైన ప్రయాణం మండుటెండలో ముగిసింది. జూలై 18న ఢిల్లీ చేరింది. ఆరునెలలకి అయిన ఖర్చు సుమారు 64 పౌండ్లు. వచ్చాక ధర్మశాలలో టిబెటన్ శరణార్థి పిల్లల మధ్య పనిచేసింది. యాత్ర కథ 'ఫుల్ టిల్ట్' పేరుతో 1965లో వచ్చింది. పదేళ్ళ తర్వాత, 1973లో, ఐదేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకుని మళ్ళీ మన దక్షిణాదికి, కూర్గు దాకా వచ్చింది. 2022 మేలో, తొంభయ్యో ఏట, లిస్మోర్‌లోనే కన్నుమూసింది. చివరిదాకా కారు నడపడం నేర్చుకోలేదు.

ఇంకో మాట. 1979లో ఇరాన్‌లో విప్లవం, ఆ ఏడాది చివర్లో అఫ్ఘనిస్తాన్‌లోకి సోవియట్ సేనలు. దాంతో యూరప్ నుంచి ఢిల్లీకి నేలమీద వచ్చే ఆ పాత దారి తెగిపోయింది. ఆవిడ ఇంకో పదహారేళ్ళు ఆగాల్సి వచ్చుంటే, అట్లాసులో గీత ఉండేది, దారి ఉండేది కాదు. "తర్వాత చూద్దాంలే" అనుకునేవాళ్ళం అందరం ఇది గుర్తుపెట్టుకోవాలి. మనం ఆగినంత మాత్రాన దారులు మనకోసం ఆగవు.

అయితే దీన్ని "అమ్మానాన్నల్ని వదిలేసి పొండి" అని చదివితే అంతకన్నా తప్పు ఇంకోటి లేదు. ఆవిడ వదిలి వెళ్ళలేదు. అలాగని కోరికనీ చంపుకోలేదు. పెద్ద దారి మూసి ఉన్నన్నాళ్ళూ చిన్న దారుల్లో తిరిగింది. మనలో చాలామంది ఈ రెండోది మర్చిపోయి, ఇంట్లోవాళ్ళని చూసుకోవడమే అన్నిటికీ అడ్డని లోపల్లోపల సణుక్కుంటాం. నా సంగతే చూడండి, మూడు రోజుల ప్రయాణానికి మూడేళ్ళుగా ఇంట్లో ఒక్కసారైనా అడిగానా? అడగలేదు. అడక్కుండానే కుదరదని తేల్చేసుకుని, ఆ కోపం వాళ్ళమీద పెట్టుకున్నా.

మొన్న రాత్రి ఈ కథంతా అమ్మకి చెప్పాను. తోడేళ్ళ దగ్గర "అమ్మో" అంది. అంతా విని, "మూడు రోజులకి పిన్నిని రమ్మంటే రాదూ? వెళ్ళిరా. రోజూ రాత్రి ఫోన్ చెయ్యి" అంది. నాన్న పేపర్లోంచి తలెత్తకుండా "కోదాడ దాటాక లారీలెక్కువ, చీకటి పడకుండా ఆగిపో" అన్నారు.

జనవరిలో సంక్రాంతి ముందు బయల్దేరుతున్నాను. గేర్లు మాత్రం ఊడదీయను, నాకంత ధైర్యం లేదు :) బెజవాడ దారిలో సైకిలు తొక్కిన అనుభవం మీలో ఎవరికైనా ఉంటే, రాత్రి ఎక్కడ ఆగితే మంచిదో కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి.