లఘుచిత్రం: యూనిట్, స్క్రిప్టు

కాలేజీ లఘుచిత్రానికి అయిదారుగురు చాలు. దర్శకుడు, కెమెరామన్, సౌండ్ చూసే మనిషి, ఎడిటర్ తప్పనిసరి. ఎవరూ కోరి తీసుకోనిది కంటిన్యూటీ పని. ఒక షాట్‌లో సగం తాగిన టీ గ్లాసు మరో షాట్‌లో నిండుగా కనబడకుండా చూసుకోవాల్సింది ఈ పని చేసే మనిషే. విడిగా రికార్డయిన శబ్దాన్ని బొమ్మతో కలపడానికి ఎడిటర్‌కు షాట్ మొదట్లో కొట్టే క్లాప్ చప్పుడే ఆనవాలు.

తెలుగు సినిమా టైటిల్స్‌లో కథ, మాటలు, స్క్రీన్‌ప్లే తరచు వేర్వేరు పేర్లతో పడతాయి. విద్యార్థుల చిత్రాల్లో మూడూ రాసేది ఒకరే. హాలీవుడ్ పద్ధతిలో 12 పాయింట్ల కొరియర్ అక్షరాల్లో టైపు చేసిన స్క్రిప్టు పేజీ తెరమీద సుమారు 1 నిమిషం. తెలుగు లిపికి ఈ లెక్క అచ్చంగా నప్పదు; పైకి చదివి గడియారం చూసుకోవడమే మేలు. స్క్రిప్టులో ‘రవి బాధపడ్డాడు’ అని రాస్తే కెమెరాకు పనికిరాదు. ఫోన్ తీసి, నంబరు నొక్కి, వెంటనే కట్ చేశాడని రాయాలి.