సావిత్రి నర్సుగా చేసిన ‘చివరకు మిగిలేది’: పిచ్చి ఎవరికి?

మాది మండపేట. చిన్నప్పుడు మా వైపు ఎవడైనా తిక్కగా మాట్లాడితే "వీణ్ణి వాల్తేరు పంపాలి రా" అనేవారు. వైజాగ్ చినవాల్తేరులో మెంటల్ హాస్పిటల్ ఉంది కదా, అదన్నమాట. సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉండగా నెలల తరబడి నిద్ర పట్టక నేను కౌన్సెలింగ్‌కి వెళ్తే, మా అమ్మమ్మ కూడా వాల్తేరు పేరే ఎత్తింది. నవ్వుతూ కాదు, ఏడుస్తూ.

ఈ భయం గురించి మాట్లాడాలంటే నాకు ‘చివరకు మిగిలేది’ గుర్తొస్తుంది. ఆ పేరుతో మనకి రెండున్నాయి, కలిపేసుకోకండి. ఒకటి ఏలూరులో పుట్టిన బుచ్చిబాబు గారి నవల, 1952లో పుస్తకంగా వచ్చింది. హీరో దయానిధి స్వయంగా డాక్టరు. కానీ తల్లి మీద ఊరు వేసిన నింద అతన్ని వదలదు, ఏ అమ్మాయికీ పూర్తిగా దగ్గర కాలేడు.

రెండోది గుత్తా రామినీడు తీసిన 1960 సినిమా. నవలతో సంబంధం లేదు, 1959 నాటి బెంగాలీ ‘దీప్ జ్వేలే జాయ్’ కథే. ప్రేమ దొరక్క మనసు చెదిరిన రోగికి నర్సు ప్రేమని నటించి నయం చేయాలి. డాక్టరు గారి ప్రయోగం అది! అతనికి నయమవుతుంది. ఆ నటనలో నిజంగా ప్రేమించేసిన నర్సు మాత్రం చివరికి రోగి అయిపోతుంది.

వైద్యంగా చూస్తే ఇది తప్పు. రోగి డాక్టర్ని ప్రేమించినా డాక్టరు ఆ ప్రేమకి లొంగకూడదని ఫ్రాయిడ్ 1915లోనే రాశాడు. ఇక్కడ ప్రేమనే మందులా రాసిచ్చారు. కాబట్టి థెరపీ అంటే ఇదే అనుకోకండి బాబూ.

కానీ గుర్తుగా చూడండి. బెంగాలీ పేరులో దీపం ఉంది. వెలుగు పక్కవాళ్ళకి, కాలిపోయేది వత్తి. సావిత్రి గారి ముఖం ఆ వత్తే. నవలలో డాక్టరు, సినిమాలో నర్సు. రెండుచోట్లా నయం చేసే మనిషే లోపల విరిగిపోయాడు. "వాల్తేరు పంపాలి" అనే మాటలో వాళ్ళు అక్కడ, మనం ఇక్కడ అని ఒక గీత ఉంది. సావిత్రి రోగి అయిన క్షణంలో నాకు ఆ గీత కనపడలేదు.

మొన్న సంక్రాంతికి అమ్మమ్మకి ఫోన్‌లో ఈ సినిమా పెట్టా. అయిపోయాక చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "ఆ పిల్లని ఇప్పుడు ఎవరు చూస్తార్రా?" కాసేపటికి, "నీకు ఫోన్ చేసే ఆ డాక్టరమ్మ మళ్ళీ ఎప్పుడు చేస్తుంది?"