పెదాలు కదిపిన పిల్లల చరిత్ర (నాలుగో భాగం)

జిల్లా పరిషత్ హైస్కూల్లో ఏడో తరగతి. పొద్దున్నే ప్రార్థనలో సరస్వతీ స్తోత్రం. మా పల్లె పిల్లలం గొంతు విప్పేవాళ్లం కాదు, పెదాలు మాత్రం కదిపేవాళ్లం. ఒకరోజు నేను అదీ మానేశాను. "నీ దేవుడు వేరా? రిజిస్టర్లో హిందూ అనే ఉందే!" అన్నారు మాస్టారు. ఆదివారం చర్చిలో పాటలెత్తే మా నాన్న, ఆ రాత్రి నాతో అన్నమాట: "కదుపు నాన్నా, పోయేదేముంది. స్కాలర్‌షిప్ వస్తేనే కదా చదువు."

నాన్నది పిరికితనం అనుకున్నాను చాలా ఏళ్లు.

అంబేడ్కర్ అధ్యక్షతన డ్రాఫ్టింగ్ కమిటీ రూపమిచ్చిన రాజ్యాంగంలో 28వ అధికరణం చూడండి. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధ కూడదు. ప్రభుత్వ గుర్తింపో, సాయమో ఉన్న ఏ బడిలోనైనా మతారాధనకి హాజరు కావాలని ఎవర్నీ బలవంతపెట్టకూడదు. పిల్లలైతే పెద్దల సమ్మతి ఉండాలి. అంటే అడగాల్సింది బడి. మా నాన్నని ఎవరూ అడగలేదు.

1985లో కేరళలో యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయ గీతానికి లేచి నిలబడ్డారు గానీ పాడలేదు. జులై 26న బడి నుంచి తీసేశారు. హైకోర్టులో ఓడిపోయారు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వాళ్లని మళ్లీ చేర్చుకోమంది. మర్యాదగా నిలబడి పాడకపోవడం అవమానం కాదనీ, వాళ్లని తీసేయడం 19, 25 అధికరణాలకి విరుద్ధమనీ చెప్పింది. ఆ తీర్పు రాసింది మన తెలుగువాడే, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. బిజో ఇమ్మాన్యుయేల్ కేసు అంటారు. లా విద్యార్థులే కాదు, మనమందరం చదవాలి.

కానీ ఆ పిల్లలు తమ విశ్వాసం ఏమిటో కోర్టులో బాహాటంగా చెప్పుకోగలిగారు. మేం చెప్పుకోలేం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాని మతంతో ముడిపెట్టింది. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి తలుపు తెరిచింది. క్రైస్తవ, ముస్లిం దళితులకి ఇప్పటికీ తెరవలేదు. మతం మారానని చెప్పిన మాల, మాదిగ ఇక్కడ బీసీ-సి అవుతాడు.

మౌనంగా ఉండే హక్కు మాకూ ఉంది. కానీ దాన్ని అడగాలంటే ముందు కారణం చెప్పాలి. కారణం చెబితే హోదా పోతుంది. ఒక చట్టం ఇచ్చినదాన్ని ఇంకో చట్టం వాడుకోనివ్వదు. నాన్నకి అధికరణాల నంబర్లు తెలియవు. లెక్క మాత్రం సరిగ్గా తెలుసు.

రేపు మీరు టీచర్లవుతారు. ప్రార్థన లైన్లో పెదాలు కదపని పిల్ల కనిపిస్తే, రిజిస్టర్ తెరవకండి.

జై భీమ్.

(ఇంకా ఉంది)