పులిజూదం నుంచి ‘అసుర’ దాకా: తెలుగునాట చిన్న ఆటలు, పెద్ద ఆటలు

పెద్ద కంపెనీ పెట్టుబడి లేకుండా ఒక్కరో, నలుగురైదుగురో కూర్చుని చేసుకునే వీడియో గేమును ఇండీ గేము అంటారు. గేమర్లు ‘ట్రిపుల్-ఏ’ అని పిలిచే భారీ గేముల లెక్క వేరు. వందలాది మంది ఉద్యోగులు ఏళ్ల తరబడి పనిచేస్తే, పెద్ద సినిమాను మించిన ఖర్చు పెడితే ఒకటి తయారవుతుంది. 2013 సెప్టెంబరులో వచ్చిన ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5’ మూడు రోజుల్లోనే వంద కోట్ల డాలర్ల అమ్మకాలు సాధించింది. రెండు రకాల్లో దేని విలువ ఎక్కువ, దేనిలో ఆనందం ఎక్కువ అన్న చర్చ వీడియో గేములతో పుట్టినట్టు కనిపిస్తుంది. తెలుగువాళ్లు తరతరాలుగా ఏమి ఆడుకున్నారో చూస్తే అది ఇంకా పాతదని తెలుస్తుంది.

కడప జిల్లాలో ఎర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టుపక్కల తవ్వితీసే నాపరాయిని ఇళ్లలో, అరుగుల మీద పరుస్తారు. సుద్దముక్కతో నాలుగు గీతలు గీస్తే ఆ బండే పులిజూదం పటం అవుతుంది. మూడు పులులు, పదిహేను మేకలు. పులి తన పక్కనున్న మేకను దాటి అవతలి ఖాళీ గడిలోకి దూకితే ఆ మేక చచ్చినట్టు. మేకకు చంపే శక్తి లేదు, మందగా కమ్ముకుని పులికి కదిలే దారి లేకుండా కట్టెయ్యడమే దాని బలం. రెండు పక్షాల బలాలూ వేరు, ఎత్తులూ వేరు, అయినా పోటీ సమానంగా నడుస్తుంది. గులకరాళ్లు, చింతగింజలు తప్ప పైసా ఖర్చు లేని ఈ ఆటను ఎవరు కల్పించారో గానీ, నియమాల అల్లికలో దాన్ని మించిన వీడియో గేములు అరుదు.

1990లలో ఇంటింటికీ టీవీ వచ్చాక ‘సమురాయ్’, ‘లిటిల్ మాస్టర్’, ‘మీడియా’ లాంటి పేర్లతో టీవీకి తగిలించే గేము పెట్టెలు దేశమంతా అమ్ముడయ్యాయి. అవి కొనలేని పిల్లల కోసం చిన్న ఊళ్లలోనూ వీడియో గేమ్ షాపులు వెలిశాయి. గంటకింత అని డబ్బు తీసుకుని ‘మారియో’, ‘కాంట్రా’ ఆడనిచ్చేవారు. క్యాసెట్ మీద ‘9999 ఇన్ 1’ అని రాసి ఉండేది, పెట్టి చూస్తే పట్టుమని పది గేములే మారుపేర్లతో తిరిగి తిరిగి వచ్చేవి. బొమ్మ రాకపోతే క్యాసెట్ తీసి నోటితో ఊది మళ్లీ పెట్టడం ఆ తరం పిల్లలందరికీ తెలిసిన వైద్యం. తిరునాళ్లలో గాజుల అంగళ్ల పక్కనే బ్రిక్ గేములు దొరికేవి. వాటిలో పైనుంచి రాలే ఇటుకల ఆట అసలు పేరు ‘టెట్రిస్’. దాన్ని 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ అనే ఇంజనీరు రాశాడు. 1997లో నోకియా ఫోనులోకి వచ్చిన పాము గేము కూడా టనేలి అర్మాంటో అనే ఒక్క ఇంజనీరు పనే. ఇప్పుడు పుట్టి ఉంటే ఈ రెండింటినీ ఇండీ గేములనే అనేవారు.

2000 తర్వాత ఇంటర్నెట్ సెంటర్లలో కుర్రాళ్లు జట్లు కట్టి ఆడిన ‘కౌంటర్-స్ట్రైక్’ సైతం మొదట మిన్ లే, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు యువకులు ‘హాఫ్-లైఫ్’ గేముకు చేసుకున్న మార్పు. వాల్వ్ కంపెనీ దాన్ని తర్వాత తీసుకుంది. అదే కాలంలో ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో’ వరసలోని ‘వైస్ సిటీ’ నకిలీ సీడీల మీద ఊరూరా తిరిగింది. భారీ గేములంటే తెలుగు పిల్లలకు మోజు లేక కాదు, అసలు సీడీ ధర అందక అవి దొంగదారిన వచ్చాయి. పబ్‌జీ చరిత్రా ‘కౌంటర్-స్ట్రైక్’ లాంటిదే. బ్రెండన్ గ్రీన్ అనే ఐర్లండ్ వాసి ఇతరుల గేములకు చేసిన మార్పుల్లోంచి అది పుట్టింది. 2016లో జియోతో డేటా చవకయ్యాక ఫోను గేములకు దారి తెరుచుకుంది, 2018లో పబ్‌జీ ఫోనులోకి వచ్చింది. 2020 సెప్టెంబరులో దేశంలో నిషేధం పడేనాటికి పల్లెల్లోని కుర్రాళ్లకూ దాని పేరు తెలుసు.

గేములు చేసే పని తెలుగునాట హైదరాబాదులో పాతుకుపోయింది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వంటి అంతర్జాతీయ సంస్థ అక్కడ స్టూడియో పెట్టింది. స్థానిక కంపెనీలకు ఎక్కువగా దొరికింది పైవాళ్ల గేములకు బొమ్మలు గీసిపెట్టే, తప్పులు పట్టిపెట్టే కాంట్రాక్టు పని. సొంత కథతో పెద్ద వేదిక ఎక్కాలన్న ప్రయత్నం 2009లో జరిగింది. హైదరాబాదుకు చెందిన ఆరోనా టెక్నాలజీస్ ‘హనుమాన్: బాయ్ వారియర్’ను ప్లేస్టేషన్ 2 కోసం తయారు చేయగా సోనీ విడుదల చేసింది. పూర్తిగా భారతదేశంలోనే తయారైన మొదటి ప్లేస్టేషన్ గేముగా అది చరిత్రకెక్కింది గానీ ఆటగా మెప్పించలేకపోయింది. గేమ్‌శాస్త్ర అనే మరో హైదరాబాదు కంపెనీ ‘దేశీ అడ్డా’లో కబడ్డీ, బిళ్లంగోడు వంటి ఆటలను తెరకెక్కించింది. ఇలాంటివి నిలదొక్కుకోకపోవడానికి ప్రతిభ కొరత కారణమనడం అన్యాయం. విదేశాల్లో ప్లేస్టేషన్ 3 వచ్చి మూడేళ్లు కావస్తున్న రోజుల్లో, అక్కడి పెట్టుబడిలో పిసరంత చేతపట్టుకుని, వాళ్లు ఆడే పందెంలోనే దిగవలసి వచ్చింది.

2017లో రెండు గేములు కొద్ది వారాల తేడాతో వచ్చాయి. మార్చిలో హైదరాబాదు ఓగర్ హెడ్ స్టూడియో ‘అసుర’ను కంప్యూటర్ల కోసం స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో విడుదల చేసింది. ఏప్రిల్‌లో ‘బాహుబలి 2’ సినిమా వేళకు, బెంగళూరు మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్ ఆ సినిమా తీసిన ఆర్కా మీడియా వర్క్స్‌తో కలిసి ‘బాహుబలి: ది గేమ్’ను ఫోన్లలోకి తెచ్చింది. ఇందులో రాజ్యం కట్టుకుని, సైన్యాన్ని పోగేసి సినిమాలోని కాలకేయులతో పోరాడాలి. గేము ఉచితమే, తొందర ఉన్నవాళ్లు లోపల డబ్బు కట్టి పని ముందుకు నడుపుకోవచ్చు. ‘క్లాష్ ఆఫ్ క్లాన్స్’ ఆడినవాళ్లకు ఆ పద్ధతి కొత్తేమీ కాదు, సినిమా పేరే దాని బలం. ‘అసుర’ వెనక అలాంటి పేరేదీ లేదు. పురాణాల ఛాయలున్న లోకంలో పైనుంచి చూసే కోణంలో సాగే కత్తియుద్ధం అది. చచ్చిపోతే మళ్లీ మొదటికి రావాలి, వచ్చేసరికి దారులు మారిపోతాయి, హీరో నేర్చుకోగల విద్యల పట్టిక కూడా కొత్తగా అల్లుకుంటుంది. మొన్న గెలిపించిన ఎత్తు నేడు పారకపోవచ్చు. పులిజూదంలోలాగే ఇక్కడా ఆనందమంతా నియమాల్లోంచే పుడుతుంది. ఆటగా చూస్తే ఈ రెండింటిలో ‘అసుర’దే పైచేయి.

కొద్దిమంది అంత పని చేయగలిగారంటే పనిముట్లు మారడమే కారణం. 2005లో వచ్చిన యూనిటీ లాంటి గేమ్ ఇంజన్లు తక్కువ ఖర్చుకే అందాయి. 2014లో అర్జెంటీనా ప్రోగ్రామర్లు గోడో ఇంజన్‌ను అందరికీ ఉచితంగా తెరిచారు. ‘అసుర’ వచ్చిన తర్వాత, 2017 జూన్ నుంచి, వంద డాలర్ల రుసుము కడితే ఎవరైనా తమ గేమును స్టీమ్‌లో అమ్ముకోవచ్చు. డిస్కు అచ్చు వెయ్యడం, దుకాణాలకు చేర్చడం అనే గోడలు కూలిపోయాయి.

కొనేవాడి వైపు నుంచి చూస్తే తేడా ఇంకా స్పష్టం. ప్లేస్టేషన్ 5 కొత్త గేము ఒక్కటి మన దేశంలో సుమారు ఐదు వేల రూపాయలు పలుకుతుంది. ఇండీ గేములు చాలావరకు వెయ్యి లోపే. భారీ గేములు 100 జీబీకి పైగా ఉండటం మామూలైపోయింది. రోజుకు 1.5 జీబీ ప్లాన్‌తో కడప జిల్లా ఖాజీపేటలాంటి ఊళ్లో ఫోను మీద ఆధారపడ్డ కుర్రాడికి అది రెండు నెలల డేటా. ఎరిక్ బరోన్ నాలుగేళ్లకు పైగా ఒంటరిగా శ్రమించి 2016లో విడుదల చేసిన వ్యవసాయపు గేము ‘స్టార్డ్యూ వ్యాలీ’ ఒక్క జీబీ కూడా లేదు. విత్తు వేసి, నీళ్లు పోసి, కారు మారేలోగా పంట తీసుకోవాలి. ఇది ప్రపంచమంతా కోట్ల ప్రతులు అమ్ముడైంది.

భారీ గేముల గొప్పను తీసిపారెయ్యలేం. 2018 నాటి ‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’లో గుర్రం నడక, వాన తడి, ఊరి సందడి అంత సజీవంగా ఉండటం వేలమంది చేతుల ఫలం. నలుగురు కూర్చుని అంత లోకాన్ని కట్టలేరు. ఖర్చు పెరిగేకొద్దీ విడుదల తేదీ ఒత్తిడీ పెరుగుతుంది. 2020 డిసెంబరులో ‘సైబర్‌పంక్ 2077’ను లోపాలతోనే వదిలి, వారానికే ప్లేస్టేషన్ దుకాణం నుంచి తీసేయాల్సి వచ్చింది. కొత్త ఆలోచనకు సాహసించే చోటు ఇప్పటికీ చిన్న జట్టే.

అలాంటి చిన్న జట్టుకు కావలసిన సరుకు కడప జిల్లాలోనే ఉంది. పులివెందుల చీనీ తోటలు, గండికోట లోయ, మైదుకూరు చుట్టూ ఎండాకాలపు నీళ్ల కరువు, ఇవన్నీ గేముకు పనికొచ్చే సరుకే. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లలున్నారు, కడప ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో బొమ్మలు గీసే పిల్లలున్నారు. ఏడాదికి ఒక్కసారైనా వీళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టి ఒక చిన్న గేము చేయించే పనిని ఆ రెండు విద్యాసంస్థలూ తలకెత్తుకోవాలి.